ఘాటు దిగుతూ తీసిన మైలేజీ

కొండల్లో మా మిలట్రీ పోస్టుకి నేను చేరింది మధ్యాహ్నం రెండుంపావుకి. నవంబరు. ఎండ ఉంది, వేడి లేదు. ఎత్తు పద్దెనిమిది వేల అడుగులు. కాదు, పదకొండు వేలు. పద్దెనిమిదని మా ఊళ్ళో చెప్తుంటాను. పదహారు మంది మనుషులు, ఒక పెట్రోలు జీపు. దానికి డ్రైవర్నీ మెకానిక్కునీ నేనే. ఆసుపత్రి నలభై రెండు కిలోమీటర్లు, మధ్యలో ఒక కనుమ.

జీపుతో పాటు వచ్చిన పెద్ద కార్బురేటరు లీటరుకి ఆరు కిలోమీటర్లే ఇచ్చేది. అక్కడ గాలి పలచన, నల్లపొగ కక్కేది. కానీ ఎక్కమంటే ఎక్కేది. నేను దాన్ని పీకేసి, నా పెట్టెలో తెచ్చుకున్న చిన్న కారు కార్బురేటరు బిగించాను. మైలేజీ తీసి లాగ్‌బుక్కులో రాయమన్నారు పోస్టుకి పెద్ద, సుబేదారు సాబ్. పదకొండు రాశాను. ఎలా వచ్చిందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. తీసింది పోస్టు నుంచి నది వంతెన దాకా, అంతా దిగుడే. సగం దూరం స్విచ్చి ఆపేసి న్యూట్రల్లో జారాను.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? కిందటి ఆదివారం బొబ్బిలిలో పాత కార్ల పోటీ పెట్టి, మైలేజీ కాగితాల మీద సంతకాలకి నన్ను కూర్చోబెట్టారు. నా వయసు కారొకటి వేసుకుని ఒకాయన వచ్చాడు.

“తాతా, లీటరికి పద్నాలుగు! కార్బురేటర్ మార్సినానంతే.”

“ఎక్కడ తీసినావు?”

“ఘాటు మీద సుంకిలో ట్యాంకు ఫుల్ సేసి సాలూరు దిగినాను.”

“దిగితే ఎడ్లబండి కూడా ఇస్తాది! రేపు ఎక్కి సూపించు, అప్పుడు పెడతాను సంతకం.”

“ముసలోడికి మిలట్రీ ఇంకా దిగనేదు” అన్నాడొకడు. అందరూ నవ్వారు. ఒళ్ళు మండిపోయింది. పెన్ను బల్ల మీద కొట్టి లేచొచ్చాను. నవ్వులాటా ఇది? ఆ అంకె నమ్మి రేపెవడో అంతే పెట్రోలు పోసుకుని ఘాటెక్కుతాడయ్యా!

పోస్టులో ఆ జనవరిలో సుబేదారు సాబ్ రేడియోలో రెండు జెరికాన్ల పెట్రోలు అడిగారు, ఒక్కోటి ఇరవై లీటర్ల డబ్బా. కింద డిపో నుంచి జవాబొచ్చింది.

“మీ బండి పదకొండు ఇస్తోందని మీరే రాశారు. ఒకటి చాలు. ఓవర్.”

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు.

పదిహేను రోజులకి వంటవాడికి కడుపులో కుడివైపు నొప్పి, మెలికలు తిరిగిపోతున్నాడు. టెక్కలి దగ్గరివాడు, నన్ను బావా అనేవాడు. ఉదయం ఆరూ నలభై. రోడ్డు మీద అరడుగు మంచు, చక్రాలకి గొలుసులు. స్టోరు ఖాళీ. ట్యాంకులో నాలుగు లీటర్లు.

“నాలుగు పదకొండ్లు నలభై నాలుగు. సరిపోతుంది, పద” అన్నారు సుబేదారు సాబ్.

కనుమ ఎక్కుడు మొదలవగానే చిన్న కార్బురేటరుకి ఊపిరి చాల్లేదు. మొదటి గేరు దాటితే ఒట్టు. ఇరవై రెండో కిలోమీటరు దగ్గర రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ట్యాంకు పొడి. లీటరుకి ఐదున్నర. అదీ అసలు మైలేజీ.

“బావా, బండాగిపోనాదేటి?”

“నేదురా. ఇంజను సల్లారుతున్నాది.”

వాణ్ణి నలుగురం స్ట్రెచరు మీద మోశాం. అయిదు కిలోమీటర్లు, రెండు గంటల పది నిమిషాలు. కనుమ మీద రోడ్డు పనివాళ్ళ లారీ దొరికింది.

వాణ్ణి నేనే బతికించానని మా ఊళ్ళో ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. బతకలేదు. లోపల అపెండిక్సు పగిలిపోయిందన్నారు డాక్టరు. రెండు గంటల ముందు తెచ్చుంటే చూసేవాణ్ణన్నారు. లాగ్‌బుక్కు ఎవరూ తిరగెయ్యలేదు. అది నాకు ఇంకా మంట. ఒక్కడైనా చొక్కా పట్టుకుని అడగాల్సింది.

ఆ పోస్టులో నా డ్యూటీ ముగిసి ఆమదాలవలస స్టేషన్లో దిగాను. పెట్టె అందుకుంటూ మేనల్లుడు అడిగాడు, “మీ జీపు లీటరికి ఎంతిస్తాది మావా?”

“పదకొండు” అన్నాను.

స్ట్రెచరు వెనక, కాళ్ళవైపు పట్టింది నేను. ఎక్కుడంతా వాడి మేజోళ్ళే నా కళ్ళ ముందు. ఎడమదాని మీద ఆ పొద్దున కలిపిన రొట్టెల పిండి తెల్లగా ఎండిపోయి ఉంది. అడుగడుక్కీ కొంచెం కొంచెంగా నా చేతుల మీదకి రాలింది.