నేను పీకని మచ్చికాకు

ఒక మనిషి నిజం చెబుతుంటే ఊరంతా అబద్ధమంది. అది నిజమని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నోరు మూసుకున్నాను. ఆ బరువు ఇన్నేళ్లుగా మోస్తూనే ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది ఆర్మూరు పక్క పల్లె. పసుపు చేలోనే మక్కజొన్న కూడా వేసేవాళ్లం. ఎనభైల చివర్లో మా ఆయన దుబాయి పోయాడు. పిల్లల్లేరు. మరుసటి ఏడాది అత్త చనిపోయింది. ఇంట్లో నాతో మాట్లాడేది రేడియో ఒక్కటే, అదీ నా మాట వినదు.

విత్తన పసుపులో కలిసి అప్పుడప్పుడు ఒక దొంగ మొక్క మొలిచేది. మచ్చికాకు అనేవాళ్లం. అచ్చం పసుపులాగే ఉంటుంది, ఆకు నడుమ మాత్రం ఊదారంగు చార. కలుపు తీసేటప్పుడు కనబడితే వేళ్లతో సహా పీకి గట్టు మీద కాల్చాలి. దాన్ని మేసిన అడవి జంతువుకు మనిషంటే బెదురు పోతుందని అత్త చెప్పేది. అందరూ పీకేవాళ్లు. ఆ ఏడు నేను పీకలేదు. మరిచిపోయి కాదు. చేను చివర మొలిచినవాటిని చూసి, కావాలనే దాటుకుని వెళ్లాను.

గుట్ట దిగి వచ్చిన ఒక ఆడ జింక వాటిని మేసింది. మొదట్లో గట్టు అవతలే నిలబడేది. పోను పోను, మధ్యాహ్నం నేను సద్ది విప్పితే పక్కకు వచ్చి అరచేతిని మూతితో తడిమేది. దుబాయి నుంచి ఉత్తరం రాలేదని దానికి చెప్పాను. పోయినావిడని కూడా చూడకుండా అత్త మీద చాడీలు చెప్పాను. నవ్వుకుంటున్నారా? నవ్వండి. ఆ వానాకాలం నాకు తోడంటే అదే.

పక్క చేనుకు సాయన్న కాపలా. మంచె ఎక్కి వడిసెలతో రాళ్లు విసిరేవాడు. కాపలావాళ్లు జంతువును కొట్టాలని విసరరు. రాయి వచ్చే చప్పుడుకే అది పరుగెత్తుతుంది, రాయి పడేసరికి అక్కడ ఉండదు. ఆ ధీమాతోనే ఒక ఉదయం, నేను మా చేలోంచి చూస్తుండగానే, సాయన్న విసిరాడు. జింక కదల్లేదు. తలకు తగిలి అక్కడే పడిపోయింది.

కూర కోసం చంపాడన్నారు. ఫారెస్టువాళ్లకు కబురు పోయింది. వాళ్లు వచ్చేలోపు సాయన్న నా దగ్గరికి వచ్చాడు.

“అక్కా, అది బెదరలే. గట్లనే సూసుకుంట నిలవడ్డది. ఉరుకుతదనే ఇసిరిన. గా జింక నీ చేన్లకెళ్లే వస్తుండె. నువ్వన్న జెప్పు.”

“నాకేం ఎర్క సాయన్నా? నేనైతె సూడలే.”

“జర యాది జేసుకో అక్కా.”

“సూడలే అన్న గద.”

ఎందుకలా అన్నాను? మచ్చికాకు ఎందుకు పీకలేదని అడుగుతారు. ఒంటరిగా ఉండలేకపోయానని నలుగురిలో ఎలా చెప్పను? మొగుడు దూరాన ఉన్న ఆడది ఆ మాటంటే ఊరు దాన్ని ఎటు తిప్పుతుందో నాకు తెలుసు. భయమొక్కటేనా? నా జింకను చంపాడన్న కోపం కూడా ఉంది. కానీ చంపింది అతనా? పరుగెత్తి ప్రాణం దక్కించుకోవాల్సిన జంతువుకు, నా తోడు కోసం, ఆ బెదురే లేకుండా చేసింది నేను కదా. ఆ సాయంత్రమే మొక్కలన్నీ పీకి కాల్చేశాను. ఎవరైనా చూస్తారేమోనని కాల్చాను, పశ్చాత్తాపంతో కాదు.

ఫారెస్టువాళ్లు సాయన్నను పట్టుకుపోయి జైల్లో పెట్టించారు, కొన్నాళ్లకు తిరిగొచ్చాడు. అతన్ని మళ్లీ ఎవరూ కాపలాకు పిలవలేదు. దారిలో ఎదురైతే “బాగున్నవా అక్కా” అనేవాడు. తిట్టినా బాగుండేది. తర్వాత నందిపేట్ వైపు కూతురింటికి పోయి అక్కడే చనిపోయాడు. మా ఆయన తిరిగొచ్చాడు, ఆయనకూ చెప్పలేదు.

క్షమించమని అడగడానికి సాయన్న లేడు. మిమ్మల్ని అడగను, అది మీరు ఇవ్వగలిగేది కాదు. సాయన్న చెప్పింది నిజం. జింక బెదరలేదు, నేను చూశాను. ఆ రోజు ఇంతమాత్రం అంటే సరిపోయేది. ఇప్పుడు అన్నాను. వినాల్సినవాడు లేకపోయినా, అన్నాక ఊపిరి కాస్త ఆడుతోంది.