చెల్లి ఆరు నిమిషాల పరుగు

మా చెల్లి పోయింది. మొన్న మంగళవారం మధ్యాహ్నం, ఆసుపత్రిలో. ఇరవై ఆరేళ్లు. కిడ్నీలు పాడయ్యాయని తెలిసిన ఏడాదికే. రాయ్‌పూర్ రైల్వే కాలనీలోని మనవాళ్లంతా వచ్చారు, "పిల్ల బంగారం" అన్నారు. బంగారమే. ఆ బంగారానికి నేను చేసిన అన్యాయం మాత్రం మీకెవరికీ తెలియదు. అది చెప్పుకోకపోతే నాకు ముద్ద దిగేలా లేదు.

చెల్లికి నెమ్మదిగా నడవడం చేతకాదు. పండరీ బజారులో అమ్మ ఒక చీర బేరం తేల్చేలోపు ఇది వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చేది. కాలనీ తెలుగువాళ్లు ఏటా ఉగాదికి పిల్లలకు పరుగు పందెం పెట్టేవారు. రైల్వే గ్రౌండు చుట్టూ నాలుగు చుట్లు. మొదటి ముగ్గురికి స్టీలు గ్లాసులు. దీనికి గ్లాసు అక్కర్లేదు, టైము కావాలి. "పక్కోళ్లని చూస్తా పరిగెడితే మెడ తిరుగుతాది గానీ కాళ్లు కదలవు" అనేది. పదేళ్లప్పుడు ఆరు నిమిషాల పంతొమ్మిది సెకన్లు పట్టింది. పదకొండో ఏట ఆరులోపు రావాలని పట్టుబట్టింది. మూడు నెలలు పొద్దున్నే అది పరిగెత్తడం, నేను గోడెక్కి కూర్చుని నాన్న వాచీతో టైము చూడడం.

నాన్న గూడ్సు గార్డు. "టైము మజాక్ కాదురా, టైము తప్పితే బండి తప్పుతాది" అనేవారు. ఎనిమిదింటికి వర్క్‌షాప్ సైరన్ మోగి ఆగగానే ఇంట్లో ఉన్న ప్రతి గడియారాన్నీ దానికి కలపాలి. అన్నం తింటున్నా సరే, ఎడమచేత్తో కలపాల్సిందే. మా ఇంట్లో సంధ్యావందనం అదే.

ఆ ఉగాదినాడు నాన్న రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుంటే, వాచీ అడిగి తీసుకెళ్లాను. ఎనిమిదికి కాస్త ముందు పందెం మొదలైంది. మూడు చుట్లయ్యేసరికి చెల్లి ఎప్పటికన్నా ముందుంది. వాచీనే చూస్తున్నాను. అప్పుడు సైరన్ మోగింది.

నా చెయ్యి నన్ను అడగలేదు. కీ లాగింది, ముళ్లు ఆపింది, ఎనిమిదికి సరిచేసి, కూత ఆగగానే కీ నొక్కింది. హమ్మయ్య, సరిపోయింది అనుకుని తలెత్తాను. అప్పటికే చెల్లి గీత దాటేసి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వగరుస్తోంది. ఐదోదిగా వచ్చింది. ఐదోవాళ్ల టైము ఎవరు చూస్తారు? నేను తప్ప.

పరిగెత్తుకుంటూ నా దగ్గరికే వచ్చింది. "ఎంతన్నయ్యా? జల్దీ చెప్పు!"

నాకప్పుడు పదమూడేళ్లు. టైము లెక్క పోయిందని చెప్పడానికి వెధవ భయం. "ఆరు నిమిషాల రెండు సెకన్లు" అన్నాను. ఆరులోపు అంటే నమ్మదేమోనని ఆ రెండు నేనే కలిపాను.

ముఖం చిన్నబోయింది. గౌను అంచుతో మూతి తుడుచుకుని, "రెండే కదా. వచ్చే ఉగాదికి పక్కా" అంది.

వచ్చే ఉగాదికి అమ్మ పోనివ్వలేదు. "పెద్దపిల్లవయ్యావు, ఇంక గ్రౌండెందుకే" అంది. చెల్లి రెండు రోజులు అన్నం ముట్టలేదు. పరుగు అంతటితో సరి.

పెద్దయ్యాక ఫ్యాక్టరీల పేట బీర్‌గావ్‌లో పంతులమ్మ అయింది. కార్మికుల పిల్లల్ని బడి వెనక పరిగెత్తించేది, ఒక్కొక్కరి టైము చాక్‌పీసుతో గోడ మీద రాసేది. "మీ మేడమ్‌కి రెండు సెకన్లు మిగిలిపోయాయి, మీకు మిగలకూడదు" అని వాళ్లకు హిందీలో చెప్పేదట. ఇంటికొచ్చి ఆ కబుర్లు నవ్వుతూ చెబుతుంటే నేను పళ్లెంలోకి చూస్తూ కూర్చునేవాణ్ణి. పదిహేనేళ్లు చెప్పకుండానే కూర్చున్నాను.

పోవడానికి నాలుగు రోజుల ముందు చెప్పేశాను. సైరన్ సంగతి, వాచీ కలిపిన సంగతి, అబద్ధం.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "నాన్న కొడుకువే" అంది. "అయితే ఆరులోపే అయ్యుంటాదేటి?"

"అయ్యుండొచ్చమ్మా."

"పోనీ చివరి చుట్టు చూశావా? ఎలా పరిగెత్తాను?"

ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాను. "లేదమ్మా. తల వంచుకుని వాచీ తిప్పుతున్నాను."

కళ్లు మూసుకుంది. "నాను చెప్తాను, విను" అంది. ఆయాసపడుతూనే మొదలుపెట్టింది. ఏ మూల మలుపు తిరిగిందో, ఎవర్ని దాటిందో, కాలికి కంకర ఎక్కడ గుచ్చుకుందో, ఒక్కొక్కటే చెప్పింది. గీత దగ్గరికి వచ్చేసరికి గొంతు వినిపించక వంగాను. దుప్పటి కింద దాని పాదాలు కదులుతున్నాయి.