సార్ మళ్లీ చూపించిన చుక్క

మా సైన్సు సార్ పోయినాడని మొన్న పొద్దున ప్రొద్దుటూరు నుంచి ఫోనొచ్చింది. జమ్మలమడుగు బడిలో ఆయన సైన్సు చెప్తే నేను తెలుగు చెప్పేవాణ్ణి. సంతాప సభలో నన్నూ మాట్లాడమన్నారు. ఆయన పరువు పోతుందేమోనని ఒక సంగతి దాటేసి వచ్చాను. అప్పటి నుంచి సిగ్గుగా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

సార్‌కు హైజియా అంటే శానా ఇష్టం. అంగారకుడికీ గురుడికీ నడుమ తిరిగే పెద్ద గ్రహశకలం అది. ఒళ్లంతా కర్బనం, బొగ్గు నలుపు. "నల్లగుంది కాబట్టే సులువుగా కంటికి ఆనదు. ఓపిగ్గా వెతకాల" అనేవాడు. టెలిస్కోపుకు మూత పెట్టినాక, సరిగ్గా పడిందా లేదా అని ఇంకోసారి తట్టి చూసేవాడు.

ఒక సాయంత్రం బడి మిద్దె మీద తొమ్మిదో తరగతి పిల్లలకు దాన్ని చూపించాడు. పది రోజులకు మళ్లీ చూస్తే ఆ చుక్క ఉన్నచోటే ఉంది. గ్రహశకలమైతే పక్క చుక్కల నడుమ కొంచెమన్నా జరగాల. ఆయన చూపించింది మామూలు నక్షత్రం.

"పోనీలే సార్, ఎవురికి తెలుస్తాది?" అన్నాను.

"నాకు తెలిసింది గదప్పా."

తరగతిలో పిల్లలకు చెప్పేశాడు. ఒక్క పాప మాత్రం అప్పటికే పులివెందులకు పోయింది. వాళ్ల నాయన ఆడ టైలరు అంగడి పెట్టుకున్నాడు. ఆదివారం ఇద్దరం బస్సెక్కినాం.

పాప మమ్మల్ని చూసి సంబరంగా ఇరుగుపొరుగును పిలిచింది. హైజియాను చూసినానని వీధంతా చెప్పుకొని ఉంది. వాళ్ల ముందే సార్ అన్నాడు, "అమ్మా, నేను చూపించింది అది కాదు. తప్పు నాది."

పక్కింటావిడ నవ్వింది. "అయితే ఇన్నాళ్లూ ఉత్తదే చెప్పినావా పాపా?"

పాప తల దించుకొని లోపలికి పోయింది. నేను ఎవరి మొహమూ చూడలేక నా చెప్పులనే చూస్తా నిలబడ్డాను. తిరుగు బస్సులో సార్, "నా సిగ్గు తీసకపోయి ఆ బిడ్డ నెత్తిన పెట్టినాను" అన్నాడు.

సెలవుల్లో టెలిస్కోపు భుజాన వేసుకొని మళ్లీ బయలుదేరినాడు. ఆ వీధికి పోవడానికి నాకు మొహం చెల్లలేదు, అయినా వెంట పోయినాను. చీకటి పడంగానే వాళ్లింటి మిద్దె మీద పాపకు హైజియాను చూపించి, చుట్టూ ఉన్న చుక్కలను గుర్తు పెట్టుకోమన్నాడు. మరుసటి సాయంత్రం పాప మళ్లీ కన్ను ఆనించి చూసింది.

"సార్, జరిగింది" అనింది మెల్లగా.

సార్ పక్కకు తప్పుకున్నాడు. ఆ రోజు నవ్వినావిడ మిద్దె ఎక్కి వచ్చింది. పాప ఆవిడ భుజం పట్టి వంచి, "ఈడ చూడత్తా, కదలాకు" అంటాంది. వెనకనే వీధిలోని ఆడవాళ్లు మెట్ల మీద వరసగా నిలబడ్డారు. అందరికంటే వెనక, పిట్టగోడ పక్కన, తన వంతు ఇంకా రాని మనిషిలాగ సార్ నిలబడి ఉన్నాడు.