ఈశ్వరప్ప రాసిన అరవై నాలుగు పేజీలు

ధర్మవరంలో పట్టుచీరలకు బొమ్మలు గీసే ఈశ్వరప్పకు రెండువేల ఒకటి నాటికి కళ్లలో గళ్లు అలుక్కుపోసాగాయి. ముప్పై ఏళ్లుగా గళ్ల కాగితమే ఆయన లోకం. ఒక్కో గడి ఒక్కో పోగు. ఆ బొమ్మను బట్టి అట్టలకు బెజ్జాలు కొడతారు. అట్టలు చెప్పినట్టు మగ్గం నేస్తుంది. చూపు పోయేలోగా ఈ పనిని ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి. నేర్చుకుంటామని వచ్చినవాళ్లు లేరు. తమ్ముడి కూతురు అరుణజ్యోతి మాత్రం అనంతపురంలో కంప్యూటరు చదివింది.

"ప్రోగ్రాం నేను చేస్తా పెదనాయనా. అది ఏమేమి చెయ్యల్లో నువ్వు రాసియ్యి. దాన్నే స్పెసిఫికేషన్ అంటారు."

"ఎంత రాయల్ల?"

"నువ్వు లేకున్నా, నిన్ను అడక్కుండా పని జరిగేంత."

ఆ మాట ఆయన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. అన్నం మధ్యలో లేచి రాసేవాడు. పక్కింట్లో ఉండే నా చేతిరాత బాగుంటుందని, సాపు చేయమని నాకు నోటుబుక్కు ఇచ్చిపోయి, గంటలో మళ్లీ వచ్చేవాడు. "అన్నా, ఇంకొకటి ఉండాది" అని లాక్కునేవాడు. అరవై నాలుగు పేజీలైంది.

"ఇది మగ్గం నేస్తాదా, పరీక్ష రాస్తాదా?" అని నవ్వింది జ్యోతి.

మూడు నెలలకు ఆ ప్రోగ్రాం కొట్టించిన అట్టలతో నేతగాడు కదిరప్ప మగ్గం మీద మొదటి చీర దిగింది. ఈశ్వరప్ప భార్య నాగలక్ష్మమ్మ దాన్ని చుట్టుకొని కొంగు భుజాన వేసుకుంది. అంచులో నెమళ్లు నిలబడి ఉన్నాయి. కొంగులో నెమళ్లన్నీ పక్కకు ఒరిగి పడుకున్నాయి.

"ఏమప్పా, జ్వరమొచ్చిందా నీ నెమళ్లకు?"

జ్యోతి పేజీలన్నీ తిరగేసింది. "యాడా రాయలేదే పెదనాయనా!"

నిజమే. కొంగు భుజం మీంచి నిలువుగా వేలాడుతుంది కాబట్టి, అక్కడికొచ్చేసరికి ఈశ్వరప్ప కాగితాన్ని అడ్డంగా తిప్పుకొని గీస్తాడు. అలా తిప్పడం కూడా ఒక పనేనని రాసిన ఆయనకూ తట్టలేదు, సాపు చేసిన నాకూ తట్టలేదు.

"ఒక్క లైను. రేపటికి సరిచేస్తా" అంది జ్యోతి.

"ఇదొక్కటేనని ఏం నమ్మకం పాపా? నా చెయ్యికి తెలిసి నాకు తెలీనిది ఇంకెంత ఉండాదో!"

మర్నాడు పొద్దున్నే కొత్త నోటుబుక్కు ఆమె చేతికిచ్చి, తను పెన్సిలు పట్టుకున్నాడు. "నేను గీస్తాంటా. చెయ్యి ఏం చేస్తాదో చూసి నువ్వు రాయి. అన్నిటికన్నా పైన ఇది రాయి: కట్టుకున్న మనిషి నిలబడితే నెమళ్లు కూడా నిలబడల్ల."

రెండు గళ్లు నింపాడో లేదో, జ్యోతి ఆపింది.

"ఆగు పెదనాయనా. ఇప్పుడు కండ్లెందుకు మూసుకున్నావ్?"

ఈశ్వరప్ప పెన్సిలు గాల్లోనే ఆగిపోయింది.

"మూసుకున్నానా?"