కారు జుమ్మంటుందన్న బాలవ్వ

2025 ఎండాకాలం. కామారెడ్డిలో హైవేకు దగ్గరగా ఉన్న ఒక కార్ల షోరూంలో నేను సేల్స్ కన్సల్టెంటును. మా పని కార్లు అమ్మడం అనుకుంటారు అందరూ. నిజానికి మేము చేసేది కుటుంబ తగాదాలు తీర్చడం. తండ్రికి డిక్కీ పెద్దగా ఉండాలి, కొడుక్కి టచ్ స్క్రీన్ కావాలి, భార్యకు రంగు నచ్చాలి, వెంట వచ్చిన బావమరిదికి ఏదీ నచ్చదు. కరెంటు కార్లు వచ్చాక ఈ తగాదాలు రెట్టింపయ్యాయి.

అప్పట్లో మా దగ్గర జనం ఎక్కువగా మూడింటిని పోల్చి చూసేవారు. మొదటిది హైబ్రిడ్ సెడాన్. వెనక డిక్కీ ఉన్న పొడవాటి కారు, పెట్రోలుతో నడుస్తూ తన బ్యాటరీని తానే నింపుకుంటుంది. దానికి ప్లగ్గు పెట్టే పనే లేదు. రెండోది ఖరీదైన ఎలక్ట్రిక్ కారు. పెద్ద బ్యాటరీ, ఎంత దూరమైనా పోవచ్చు. దాంతోపాటు వాల్ బాక్స్ అనే గోడ ఛార్జర్ వస్తుంది, దాన్ని బిగించడానికి కంపెనీ ఎలక్ట్రీషియన్ ఇంటికి వస్తాడు. మూడోది చవక ఎలక్ట్రిక్ కారు. చిన్నదే గానీ ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చి పోవడానికి బ్యాటరీ నిక్షేపంగా సరిపోతుంది. దాంతో వచ్చేది పోర్టబుల్ ఛార్జర్. అంటే నడుమ ఒక చిన్న బాక్సు ఉన్న కేబుల్, చివర ఫ్రిజ్జుకు ఉండేలాంటి ప్లగ్గు. ఎలక్ట్రీషియన్ రాడు, మనమే పెట్టుకోవాలి. ఈ తేడాను మేము కూడా బ్రోచర్‌లో చివరి వరసలాగే చివర్లో చెప్పేవాళ్ళం, కస్టమర్లు అంతవరకు వినేవారు కాదు.

సాయిలు అంతకు ముందు వానాకాలంలో ఆ మూడోది కొన్నాడు. ఎల్లారెడ్డి దాటాక ఒక చిన్న ఊరు వాళ్ళది. ఎల్లారెడ్డిలో విత్తనాల దుకాణం నడుపుతాడు. వాళ్ళమ్మ బాలవ్వకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు లింగంపేట మీదుగా కామారెడ్డికి తెచ్చి డయాలసిస్ చేయించాలి. ఒక్కసారి తప్పినా ఒంట్లో నీరు చేరి ఊపిరి ఆడదు. సాయిలుకు కారు షోకు కాదు, వాళ్ళమ్మ ప్రాణం.

అలాంటివాడు ఒకరోజు మొహం వేలాడేసుకొని షోరూంకు వచ్చాడు.

“మేడం, గీ బండి వాపస్ తీస్కొని గా హైబ్రిడ్ బండి ఇయ్యిండ్రి,” అన్నాడు.

“ఏమైంది అన్నా? బాగానే నడుస్తున్నదని చెప్పినవు కదా.”

“వానకాలం, చలికాలం మస్తు నడిచింది. ఎండలు ముదిరినకాడికెల్లి ఛార్జింగు నడుమల నడుమల బందైతున్నది. పొద్దుగాల చూస్తె సగం గూడ నిండుతలేదు. అమ్మను దవాఖానకు తోల్కపోవుడు ఆగితె ఎట్ల? మా దోస్తుగాడు ముందే అన్నడు, అగ్గువ బండి అగ్గువనే అని.”

పాత కారు ఇచ్చి ఖరీదైనది తీసుకుంటానంటే సేల్స్‌వాళ్ళ చెవులకు సన్నాయి వినిపిస్తుంది. నాకూ వినిపించింది. ఎక్స్‌ఛేంజ్‌కు ముందు బండి పరిస్థితి చూడాలి కాబట్టి మా సర్వీస్ టెక్నీషియన్ ఖదీర్‌ను వెంటబెట్టుకొని మర్నాడు పొద్దున్నే వాళ్ళ ఊరికి బయల్దేరాను.

మేము వెళ్ళేసరికి కారు వాకిట్లో ఛార్జింగులో ఉంది. వాకిలికి ఒక పక్క రేకుల కింద బాలవ్వ మంచం, ఇంకో పక్క బాత్రూం, రెండింటికీ నడుమ కారు. ముందు భాగానికి సాయిలు పెద్ద స్టీలు గార్డు బిగించాడు. మా దిక్కు కొత్త కారు కొంటే పూజ తరువాత చేసే మొదటి పని అదే, వద్దన్నా వినరు. సాయిలు భార్య లావణ్య చాయ్ ఇచ్చింది. ఖదీర్ కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

బాలవ్వ మంచంలోంచి నన్ను పిలిచింది.

“బండిని తీస్కపోతరా బిడ్డా? మంచిగనే ఉంటది గని, పొద్దుగాల నేను గా స్టీలు కడ్డీ వట్టుకొని బాత్రూంకు పోత గదా, గప్పుడు చెయ్యి జుమ్మంటది. మోచెయ్యి దాంక గుంజుతది.”

“అమ్మా, మల్ల సురువు జేసినవా?” అని సాయిలు విసుక్కున్నాడు. “షుగరుకు నరాలు కరాబైనయని డాక్టరు చెప్పలేదా? ఆమె మాట వట్టించుకోకుండ్రి మేడం. ఇంట్ల ఇంకెవ్వలకు జుమ్మంటలేదు.”

నాకూ అది నిజమే అనిపించింది. షుగరు ఉన్నవాళ్ళకు చేతులు కాళ్ళు తిమ్మిరెక్కడం మా ఇంట్లోనే చూస్తున్నాను. బాలవ్వది ఎన్నోసార్లు చెప్పి చెప్పి అలిసిపోయిన మొహం.

ఖదీర్ మాత్రం ఆమె కాళ్ళ వైపు చూస్తున్నాడు.

“అవ్వా, చెప్పులు ఏస్కోవా నువ్వు?”

“ఏడ పడతయి కొడుకా? డయాలసిస్ వట్టినకాడికెల్లి కాళ్ళు గిట్ల వాసినయి. ఏ చెప్పూ ఎక్కది.”

ఖదీర్ జేబులోంచి టెస్టర్ తీశాడు. స్క్రూడ్రైవర్ లాంటిదే, పిడిలో చిన్న బల్బు ఉంటుంది, కరెంటు ఉన్నచోట ఆనిస్తే వెలుగుతుంది. దాన్ని తీసుకుపోయి స్టీలు గార్డుకు ఆనించాడు. బల్బు టక్కున వెలిగింది.

నేను అమ్మిన కారు అది. తాళం చేతికిచ్చి, పూలదండ వేసి, బాలవ్వను పక్కన నిలబెట్టి ఫోటో తీసింది నేనే.

“ఎవ్వలు ముట్టద్దు! మెయిన్ బంద్ చెయ్యిండ్రి!” అని ఖదీర్ అరిచాడు.

సరిగ్గా అప్పుడే బాలవ్వ, ఎక్కడ జుమ్మంటుందో చూపించడానికి కాబోలు, మంచం దిగి గార్డు వైపు చెయ్యి చాపింది. నేను వెనకనుంచి నడుం పట్టి లాగాను. ఇద్దరం మంచం మీద పడ్డాం. లావణ్య ఉరికి మెయిన్ స్విచ్ ఆపేసింది.

ఖదీర్ గోడకున్న సాకెట్ విప్పాడు. లోపల న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ నడుమ వేలెడంత ఎర్ర వైరు ముక్క కలిపి ఉంది. మనం వాడిన కరెంటు తిరిగిపోయే దారి న్యూట్రల్. ఎక్కడైనా కరెంటు లీకైతే మనిషిని ముట్టకుండా భూమిలోకి పంపేది ఎర్త్. రెండు దారులూ వేరుగా ఉండాలి.

“గా వైరు ఎవరు పెట్టిండ్రు?”

“మా ఊరి ఎలక్ట్రీషియన్,” అన్నాడు సాయిలు. “కొత్తల కేబుల్ బాక్సుల ఎర్ర లైటు వచ్చింది, ఛార్జింగ్ ఎక్కలే. గీ ముక్క పెట్టంగనే పచ్చ లైటు వచ్చింది. మస్తు హుషారోడు.”

ఎర్ర లైటు అంటే ఎర్త్ లేదు, ఛార్జ్ చెయ్యను అని బాక్సు మొరపెట్టుకోవడం. ఆ వైరు ముక్కతో దాని నోరు మూయించారు. అంతటితో ఆగినా కొంత నయం. మరి మీ న్యూట్రల్ ఎక్కణ్ణుంచి వస్తుందని ఖదీర్ అడిగితే, లావణ్య గోడ పక్కన భూమిలో దిగ్గొట్టిన ఇనుప రాడ్ చూపించింది. లైను చివరి ఊళ్ళలో స్తంభం నుంచి వచ్చే న్యూట్రల్ సరిగ్గా ఉండదు, లైట్లు మిణుకుమంటాయి. అందుకని వాకిట్లో రాడ్ పాతి, దాన్నే న్యూట్రల్ చేసుకొని, ఎండాకాలం దాని మొదట్లో నీళ్ళు పోస్తారు. చెట్టుకు పోసినట్టే, ఇంటి ఆడవాళ్ళ పొద్దుటి పనుల్లో అదొకటి.

“మా తమ్ముని పెండ్లికి అవ్వగారింటికి పోయి నిన్న రాత్రే వచ్చిన,” అంది లావణ్య. “నేను లేనప్పుడు గా రాడ్‌కు నీళ్ళెవ్వలు పోసిండ్రు?”

“నాకు యాదికి రాలే,” అన్నాడు సాయిలు.

“నీళ్ళున్నంతసేపు కరెంటు భూమిలకు పోతది,” అన్నాడు ఖదీర్. “మట్టి ఎండితె యాడికి పోవాలె? గా ముక్కల కెల్లి ఎర్త్ వైరు వట్టుకొని బండి మీదికొస్తది. ఛార్జింగుకు గూడ సరిపోను కరెంటు అందదు, గట్ల నడుమల బందైతున్నది. ఈ ఎండలకు వదిన పోసినా తడి నిలుస్తలేదు. మీ అందరికి రబ్బరు చెప్పులున్నయి, గందుకే తెల్వలే. అవ్వవి ఉట్టి కాళ్ళు. వానకాలం దాంక ఆగితె, తడి వాకిట్ల నిలవడి అవ్వ గా కడ్డీ వట్టుకుంటె...”

సాయిలు ఉన్నచోటే కూలబడ్డాడు. “నా చేతులతోని నా తల్లినే సంపుకుంటుంటి మేడం,” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బండిలో ఏ లోపమూ లేదు. ఇదే వాకిట్లో ఖరీదైన కారు ఉంటే, గోడ ఛార్జర్ బిగించడానికి వచ్చినవాడు మొదటి రోజే ఆ రాడ్ చూసి గొడవ చేసేవాడు. హైబ్రిడ్ సెడాన్ అయితే ప్లగ్గే లేదు. ఇంట్లోకి తొంగిచూసే దిక్కు లేనిది చవక కారు కొన్నవాడికే.

మేనేజర్‌కు ఫోన్ చేశాను. “ఆ మోడల్‌కు వాల్ బాక్స్ రాదు కదమ్మా, మనకేం సంబంధం?” అన్నాడు. ఒళ్ళు మండింది. “సంబంధం సంగతి వచ్చి మాట్లాడుకుందాం సార్. రేపు ఆమెకు డయాలసిస్. ముందు మన ఎలక్ట్రీషియన్‌ను పంపండి,” అన్నాను. ఏ కళనున్నాడో గానీ పంపాడు. కరెంటు ఆఫీసువాళ్ళు స్తంభం మీద తెగిన న్యూట్రల్ కలిపారు. మావాడు పాత రాడ్ తీగ తీసేసి, గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు పోసి కొత్త ఎర్త్ వేశాడు. ఏ కాస్త లీకైనా చటుక్కున కరెంటు ఆపే స్విచ్ ఒకటి పెట్టాడు. సాయంత్రానికి వైరు ముక్క లేకుండానే బాక్సులో పచ్చ లైటు వచ్చింది.

కానీ కారు దగ్గరికి ఒక్కరూ రారు. మీటర్ పెట్టి చూపించినా సాయిలు దూరంగానే నిలబడ్డాడు. “గా హైబ్రిడే ఇయ్యిండ్రి మేడం, నాకు బుగులైతున్నది,” అంటాడు. అది వచ్చేదాకా పొద్దున ఆసుపత్రికి ఎట్లా పోతారు? ఖదీర్ మీటర్‌తో ఇంకోసారి చూసి తల ఊపాక, నేను చెప్పులు విడిచి తడి మట్టి మీద నిలబడి, ఛార్జింగ్ నడుస్తుండగానే గార్డును రెండు చేతులా పట్టుకున్నాను. భయం లేదని చెప్పను. ఏమీ కాలేదు.

బాలవ్వ మెల్లగా నడిచి వచ్చి నా చేతుల పక్కన తన చెయ్యి వేసింది. కాసేపు అలాగే పట్టుకొని చూసింది.

“జుమ్మంటలేదు,” అంది. తరువాత కొడుకు వైపు తిరిగింది. “బండిని ఏమనకు సాయిలూ. దాని తప్పేం లేదు. నేను చెప్తె నరాలన్నరు. గింతంత బల్బు కడ్డీ చెప్తె నమ్మిండ్రు.”

ఆ చిన్న కారే వాళ్ళింట్లో ఉంది, బాలవ్వను వారానికి మూడుసార్లు అదే కామారెడ్డికి తెస్తోంది.

మూడు కార్లలో ఏది మేలు మేడం అని ఇప్పటికీ రోజూ అడుగుతారు. ముందు మీ ఇల్లు చూడాలంటాను. ఎలక్ట్రీషియన్‌తో వెళ్ళి స్తంభం, సాకెట్, ఎర్త్ చూపిస్తాను. చివరగా ఆ ఇంట్లో ఎవరి మాటకు అందరికన్నా తక్కువ విలువ ఉందో కనిపెట్టి, వాళ్ళ పక్కన కాసేపు కూర్చుంటాను.