కానుక కవరు మీద పాస్‌వర్డ్

స్కూళ్ళలో కీబోర్డులు ఎత్తి చూడటం నా ఉద్యోగంలో ఒక భాగం. అంత రోత పని ఇంకోటి లేదు. చిప్స్ పొడి, వెంట్రుకలు, గోళ్ళ ముక్కలు, వాటి కింద పసుపు కాగితం మీద రాసిన పాస్‌వర్డ్. మా స్కూల్ బోర్డు కింద ఉన్న స్కూళ్ళన్నిటి నెట్‌వర్క్ బాధ్యత నాది. పిల్లల చిరునామాలు, జబ్బుల వివరాలు, ఏ పిల్లను తండ్రి వచ్చి అడిగినా పంపకూడదో కూడా అందులోనే ఉండేవి. అలాంటి వాటి తాళాన్ని కాగితం మీద రాసిపెట్టుకునే మనుషులంటే నాకు ఒళ్ళు మంట. టీచర్లను కూర్చోబెట్టి గంటసేపు క్లాసు పీకేదాన్ని.

ఆ ఏడాది సెప్టెంబరులో పిల్లలు వచ్చి పడ్డారు. స్టడీ పర్మిట్ల మీద, వర్క్ పర్మిట్ల మీద ఈ దేశంలో దిగినవాళ్ళ పిల్లలందరూ ఒక్కసారిగా చేరారు. గదులు చాలక ఆటస్థలాల్లో రేకు గదులు దించారు. వాటికి వైఫై లేదు. రోజూ కొత్త అకౌంట్లు, కొత్త లాప్‌టాప్‌లు. పైవాళ్ళు మనుషుల్ని ఇవ్వలేదు గానీ వారానికో మీటింగ్ మాత్రం పెట్టారు. నేను గోల పెట్టగా పెట్టగా ఒక కాంట్రాక్టు మనిషిని ఇచ్చారు.

ఆమె మా చర్చి అమ్మాయే. అమ్మాయి అంటున్నాను గానీ నలభై దాటింది. భీమవరం వైపు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు బోధించి, ఆ వయసులో మళ్ళీ విద్యార్థిగా ఇక్కడికొచ్చి కోర్సు పూర్తిచేసింది. భర్త వాన్‌లో వేర్‌హౌస్ పనికి వెళ్ళేవాడు. ఈ ఉద్యోగం ఏడాది నిండితే ఆమె పీఆర్‌కు, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండే హక్కుకు, అప్లై చేయవచ్చు. వాళ్ళ కుటుంబం ఇక్కడ ఉండటమా, పర్మిట్ అయిపోగానే పెట్టెలు సర్దుకోవటమా అన్నది ఆ ఒక్క ఏడాది మీదే ఉంది.

ఆమెకు అడ్మిన్ హక్కులు రావాలంటే ఫారం మీద ముగ్గురు సంతకాలు పెట్టాలి. నెల గడిచినా ఒక్కరూ పెట్టలేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, కార్ల దగ్గర నిలబడి, బ్యాగులో చేతికందిన చర్చి కానుక కవరు వెనక నా పాస్‌వర్డ్ రాసి ఆమె చేతిలో పెట్టాను.

"అక్కా, ఇది మీ పేరు మీదుంటది కదండి. నేను వాడొచ్చాండి?"

"మనలో మనకేంటమ్మా. ఫారం వచ్చేదాకా కానిచ్చెయ్."

ఇదే మాట ఏ టీచరో అని ఉంటే రిపోర్టు రాసేదాన్ని.

ఆమె లాగిన్ అయినప్పుడల్లా నా ఫోన్‌కు 'ఇది మీరేనా?' అని వచ్చేది. నేను 'అవును' నొక్కాలి. రోజుకు ఎన్నిసార్లో. పప్పు తాలింపు వేస్తూ, కారు పార్క్ చేస్తూ, చూడకుండానే నొక్కడం అలవాటైపోయింది. ఫారం సంగతి నేనూ మర్చిపోయాను.

ఆమెకు ఏడాది నిండటానికి ఇంకో ఏడు వారాలు ఉన్నాయనగా, ఒక ఆదివారం పాట మధ్యలో నా ఫోన్ కదిలింది. అవును నొక్కేశాను. నొక్కి తలెత్తితే, ఎదురుగా పాటల బృందంలో ఆమె పాడుతోంది. రెండు చేతులతో పుస్తకం పట్టుకుని ఉంది. మరి లాగిన్ అయిందెవరు? సిస్టమ్ ఏదో తిక్క పని చేసి ఉంటుందిలే అని ఫోన్ బ్యాగులో పడేశాను.

సోమవారం ఉదయానికి ఏ స్కూల్లోనూ ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. పిల్లల వివరాలు ఎవరి చేతికో పోయాయి. ఆ సాయంత్రం ఏజాక్స్‌లోని మా ఇంట్లో కూర్చుని వెతికితే కారణం దొరికింది. చీరలు కొనే ఒక వెబ్‌సైటులో కూడా నేను అదే పాస్‌వర్డ్ పెట్టాను. అది అక్కడి నుంచి పొక్కింది. ఛీ, ఇదా నా చదువు అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు మేనేజరు పిలిచాడు. నా అకౌంట్ ఒకే సమయంలో రెండు స్కూళ్ళలో తెరుచుకున్న రోజులు చాలా ఉన్నాయని చూపించాడు. నీ పాస్‌వర్డ్ ఇంకెవరికైనా తెలుసా అని అడిగాడు. నేనే ఇచ్చానంటే నా ఉద్యోగం పోతుంది.

"ఆ కాంట్రాక్టు అమ్మాయి నా పక్కన నిలబడి చూసి ఉండొచ్చు," అన్నాను.

నా గొంతు వణకలేదు. నా మీద నాకు ఇప్పటికీ కంపరం పుట్టేది అందుకే.

ఆ మధ్యాహ్నమే ఆమె బ్యాడ్జి తీసేసుకుని ఇంటికి పంపేశారు. సాయంత్రం నాకు ఫోన్ చేసింది.

"అక్కా, పాస్‌వర్డ్ ఎక్కడిదని అడిగారండి. మీ పేరు చెప్పలేదండి. మీకేం కాలేదు కదా?"

"దీని గురించి ఎవరితోనూ మాట్లాడొద్దన్నారమ్మా," అని పెట్టేశాను. అలా అని నాతో ఎవరూ అనలేదు.

మా చర్చిలో ఆరాధన మధ్యలో ఎవరైనా లేచి తమకు జరిగింది సాక్ష్యంగా చెప్పి ప్రార్థన అడగవచ్చు. రెండు వారాల తర్వాత ఆమె లేచింది. ఉద్యోగం పోయిందని, ఇక పీఆర్‌కు దారి కనబడట్లేదని చెప్పింది. తన కోసం ఏమీ అడగలేదు.

"నాకు పని నేర్పింది అక్కండి. నా మూలాన అక్క ఉద్యోగానికి ముప్పు రాకూడదని అందరూ ప్రార్థన చెయ్యండి," అంది.

పాస్టరుగారు అందరినీ కళ్ళు మూసుకోమన్నారు. నా ఉద్యోగం నిలవాలని అంతమందీ ప్రార్థించారు. చివర అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.