నా ముక్కు మీద కందిరీగ, తరగతికి మజ్జిగ

ఇది అప్పుడే రాయాల్సిన సంగతి. కానీ అప్పుడు నాకు అక్షరాలు రావు. జుట్టు నెరిశాక నేర్చుకున్నాను. అందుకే ఇంగ్లీషు ముక్క రాని నేను ఒక బడి ఇంగ్లీషును ముంచబోయిన కథ మీకింత ఆలస్యంగా చేరుతోంది.

మైదుకూరు దగ్గర ఆడపిల్లల మిషన్ బడిలో నేను వంటమనిషిని. కొత్త పంతులమ్మ ఒక పద్ధతి పెట్టింది. తినేటప్పుడు ఏం కావాలన్నా ఇంగ్లీషులో అడగాలి. అడిగితేనే నేను వడ్డించాలి. మొదటిరోజే మార్తమ్మ అనే పిల్ల నీళ్లింకిన బావిలా నోరు తెరుచుకుని నిలబడింది.

"రూతమ్మక్కా, నేర్చిన మాటలన్నీ కలిసిపోతాండాయి. శానా ఆకలిగా ఉండాది."

నాకు జాలి ఎక్కువ, ఆలోచన తక్కువ. "కంచంలో ఏం లేదో నేను చూస్తా పాపా. నేను ముక్కు పట్టుకుంటే మజ్జిగ మాట చెప్పు, చెవి పట్టుకుంటే నీళ్ల మాట, తల గోక్కుంటే ఉప్పు మాట."

ఏ సైగకు ఏ మాటో తెలిసిన పిల్లలు తెలియనివాళ్లచేత అప్పజెప్పించారు. వంటిల్లు లండనయింది. పంతులమ్మ మురిసిపోయింది.

ఒకరోజు బడుల ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ఆయన మెచ్చితే పై తరగతి ఈ బడిలోనే పెడతారు. లేకుంటే ఈ పిల్లలంతా చదువు మాని వేరుశనగ చేలకే. మంచినీళ్ల చెంబుతో నేను తరగతిలో ఆయన వెనక నిలబడ్డాను.

"వాట్ ఈజ్ యువర్ నేమ్?"

మార్తమ్మ అలవాటుగా నా వైపు చూసింది. అప్పుడే ఒక కందిరీగ నా ముక్కు మీద వాలింది. చేత్తో తోశాను.

"ప్లీజ్ గివ్ మి బటర్‌మిల్క్."

కందిరీగ చెవి మీదికి పోయింది. నా చెయ్యీ పోయింది. తరగతంతా ఒక్క గొంతుతో నీళ్లడిగింది.

ఆయన వెనక్కి తిరిగారు. "ఏమమ్మా, ఇక్కడ పాఠం చెప్పేది నువ్వా?"

"లేదయ్యా, కందిరీగ."

పంతులమ్మ ఏడుపు దిగమింగుతూ తన పద్ధతి వివరించింది. "అయితే వంటింట్లోనే చూద్దాం. నువ్వు గోడవైపు తిరుగమ్మా," అన్నారాయన.

వంటింటి గోడ చూస్తూ ప్రభువును తలుచుకున్నాను. చివరికి మార్తమ్మ గొంతు వినిపించింది. మజ్జిగ అడిగిందట. ఉప్పు అడిగిందట. నోరు విడివడ్డాక తన పేరూ, తండ్రి పేరూ కూడా చెప్పేసిందట. తక్కినవాళ్లూ ఆమె దారే పట్టారు.

"పై తరగతి పెట్టుకోండి. ఈమె చేతులు మాత్రం కట్టెయ్యండి," అని ఆయన వెళ్లిపోయారు.

ప్రాణం పోయినా పిల్లలకు ఇంకెన్నడూ సైగ చెయ్యనని సంగటి కుండ ముట్టి ప్రమాణం చేశాను.

మరునాడు పొద్దున వంటింటి కిటికీకి నా చేతులు కనబడకుండా గోనెపట్టా కట్టి, దాని వెనకనుంచి గంజి పోశాను.

"అక్కా, ఉప్పు అడిగితే నీళ్లు పోస్తాండావే. నీకు ఇంగ్లీషు రాదా?" మార్తమ్మ అడిగింది.

"నాకెట్ల వస్తాదమ్మా. ఇన్నాళ్లూ మీ కంచాలు చూసి కదా పెట్టినా."

గోనెపట్టా ఒక మూల ఎత్తి, కంచం చూసి, ఉప్పు వేశాను.